పోచంపల్లిలో ప్లాటు కొనబోయి...

మన సాఫ్ట్‌వేరు జనాలు నలుగురు ఒకచోట చేరితే, మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ప్లాట్ల దగ్గరే తేలతాయి. క్యాంటీన్లో టీ తాగుతూ ఒకడు "నిన్న సైటు చూసొచ్చాం" అంటాడు. రెండోవాడు "గజం ఎంత చెప్పాడు?" అంటాడు. మూడోవాడు తను పదేళ్ళ క్రితం కొనకుండా వదిలేసిన ప్లాటు ఇవాళ ఎంతయిందో చెప్పి నిట్టూరుస్తాడు. నేను చాలాకాలం ఈ కబుర్లలో నాలుగోవాణ్ణి. అంటే వింటూ టీ తాగేవాణ్ణన్నమాట. ఉన్న ఫ్లాటు అప్పే ఇంకా తీరకపోతే కొత్త ప్లాటు గురించి ఏం మాట్లాడతాం?

ఆ అప్పు కాస్తా మొన్నామధ్య తీరింది. బాంకు వాళ్ళు కాయితాలు తిరిగిచ్చిన వారానికే మా టీములోవాడు, నాకు పదిహేనేళ్ళ స్నేహితుడు, నన్ను పక్కకి పిలిచాడు. పోచంపల్లి దగ్గర వెంచరు. తను ఇప్పటికే రెండు ప్లాట్లు తీసుకున్నాడట. మార్కెట్ కంటే చాలా తక్కువట. "పిల్ల పెళ్ళి నాటికి అక్కరకొస్తుంది, ఆలోచించకు" అన్నాడు. ఇంట్లో చెబితే మా ఆవిడ ప్లాటు సంగతి అసలు వినిపించుకోలేదు. "పోచంపల్లా? అయితే నేనూ వస్తాను, చీర కొనుక్కోవాలి" అంది. ఆ విధంగా ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం కారెక్కాం, చెరొక లక్ష్యంతో :)

విజయవాడ హైవే మీద రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక ఎడమవైపు తిరిగితే పోచంపల్లి దారి. ఆ దారికి రెండువైపులా మీకు తెలిసిన దృశ్యమే. రంగురంగుల జెండాలు, సిమెంటు ఆర్చీలు, తెల్లరాళ్ళు. మేము చూడాల్సిన సైటు పోచంపల్లి ఊళ్ళోకి వెళ్ళకముందే పక్కకు తిరిగితే వస్తుంది. ఒక పెద్ద చింతచెట్టు, దాని పక్కన పూడిపోయిన బావి. బావికి ఇటువైపు పత్తిచేను, అటువైపు ప్లాట్లు. ఒకే చేనుని ఎవరో కత్తితో రెండు ముక్కలు చేసినట్టుంది. బ్రోకరు కుర్రాడు మంచి మాటకారి. అయిదేళ్ళలో ఇక్కడ గజం ఎంతవుతుందో లెక్కేసి చూపించాడు. "ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారు?" అనడిగితే "ఓనరుకు అర్జెంటు సార్" అన్నాడు. రెండు జిరాక్సు కాయితాలు చేతిలో పెట్టాడు. నేను వాటిని మడిచి జేబులో పెట్టుకుని, ఫోను తీసి 50,000 రూపాయలు టోకెన్ అడ్వాన్సు పంపించేశాను. నిజం చెప్పొద్దూ, ఆఫీసులో పదివేల రూపాయల లైసెన్సు కొనాలంటే మూడు ఈమెయిళ్ళు, ఇద్దరి అప్రూవలు కావాలంటాను. ఇక్కడ మాత్రం మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇక రెండో లక్ష్యం. ఊళ్ళోకి వెళ్ళాం.

పోచంపల్లి ఇప్పుడు పల్లె కాదు. 2016లో జిల్లాలు మారినప్పుడు నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది, 2018లో మునిసిపాలిటీ అయింది. అయితే తమాషాగా 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని "ఉత్తమ పర్యాటక గ్రామాల్లో" ఒకటిగా ఎంచుకుంది. మెయిన్ రోడ్డు నిండా చీరల షాపులు. ఆదివారం కాబట్టి నగరం కార్లు బారులు తీరి ఉన్నాయి. దిగుతున్నవాళ్ళని చూస్తే సగంమందిని ఎక్కడో మన క్యాంటీన్లలోనే చూసినట్టు అనిపించింది.

మా ఆవిడకు నచ్చిన చీర 14,000 అన్నారు. తను వెంటనే "ఇదే డిజైను మొన్న సిటీలో ఎగ్జిబిషన్లో 1,800 కే ఇచ్చారు" అంది. నేను గట్టిగా గోడవైపు చూడటం మొదలుపెట్టాను. షాపతను మాత్రం కోప్పడలేదు. ఆ మాట రోజూ వింటాడేమో. "అది ప్రింటు అమ్మా. తిరగేసి చూస్తే తెలుస్తది. అంచులు మరీ నీటుగ ఉన్నా అనుమానించాలె" అని, ఓ కుర్రాణ్ణి పిలిచి "వీళ్ళకు వెనక గల్లీల మగ్గం చూపియ్యి" అన్నాడు.

మెయిన్ రోడ్డు వెనక గల్లీలోకి వెళ్ళగానే అది వేరే ఊరు. చీరల షాపుల మైకులు ఆగిపోయి, గోడల వెనకనుంచి మగ్గాల టకటక మొదలవుతుంది. అద్దకం అయిన నూలు చిలపలు వాకిట్లో కర్రల మీద ఆరుతున్నాయి. ఒక ఇంటి అరుగు మీద పాత సైకిల్ ట్యూబుని సన్నటి పట్టీలుగా కోస్తున్నారు. పంక్చరు షాపు కాబోలు అనుకున్నాను. కాదట. రంగు అంటకూడని చోట నూలుకి బిగించి కట్టేది ఆ రబ్బరు పట్టీలనే. ప్రపంచమంతా ఇకత్ అని పిలుచుకునే కళకి ముడిసరుకుల్లో ఒకటి మన చిన్నప్పటి సైకిల్ ట్యూబు!

మేము వెళ్ళిన ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. కొడుకు గుంటమగ్గం మీద ఉన్నాడు, కోడలు పక్క గదిలో ఏదో యంత్రం దగ్గర కూర్చుంది. గోడకి గళ్ళ కాయితం, దాని మీద పెన్సిలుతో గీసిన డిజైను. అక్కడ నేను చూసింది నాకర్థమైనంత వరకూ చెబుతాను.

మామూలు బట్టకి ముందు నేసి తర్వాత అద్దుతారు, లేదా రంగు నూలుతో నేస్తారు. ఇక్కడ డిజైను మొత్తం నేయకముందే నూలులో ఉంటుంది. పేక నూలుని అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ ముందుకీ వెనక్కీ పోసుకుంటూ పోవాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. అలా పోసిన నూలు మీద గళ్ళ కాయితం ప్రకారం గుర్తులు పెట్టి, గుర్తున్న చోటల్లా పట్టీలు కట్టి, రంగులో ముంచుతారు. ఆరాక కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్ళీ ఇంకో రంగు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఇదంతా అయ్యాకే కండెలకు చుట్టి మగ్గం ఎక్కిస్తారు. నేసేవాడు ప్రతి పోగునీ దాని చోటుకి జరుపుకుంటూ వెళితే నెమలో, ఏనుగో, పువ్వో మెల్లగా పైకొస్తుంది. పోగుకీ పోగుకీ మధ్య ఆ వెంట్రుకవాసి తేడా వల్లనే అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఆ చెదురు ప్రింటులో రాదు.

మన భాషలో చెప్పాలంటే ఇది పూర్తిగా కంపైలు చేశాక రన్ చేయడం. మగ్గం మీద డీబగ్గింగ్ లేదు. ఆసు దగ్గర తప్పు జరిగితే అది చీరలో కనిపించే సరికి నెల గడిచిపోతుంది. ఇది విన్నాక మా ఆవిడ 1,800 మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఎన్నేళ్ళు పోశారవ్వా ఆసు?" అని అడిగాను ముసలావిణ్ణి.

"పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన కాడికెళ్ళి పోసిన బిడ్డా. పొద్దున లేస్తే ఇగ గదే పని. చీరకు ఎన్ని వేలసార్లు చెయ్యి ఆడాల్నో లెక్క ఎవలు జూసిండ్రు. ఇప్పుడు గీ చెయ్యి గింత కన్న లేవది" అని కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి ఆపేసింది. జడ వేసుకోవాలన్నా కోడలే వెయ్యాలట.

కోడలు కూర్చున్న యంత్రం ఆ చెయ్యికి జవాబు. దాని పేరు లక్ష్మీ ఆసు యంత్రం. ఇదే జిల్లాలో ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు చేశారు. బడి మధ్యలోనే మానేసిన మనిషి. రోజూ ఆసు పోసి పోసి భుజాలు పడిపోతున్న తల్లిని చూడలేక 1992 ప్రాంతంలో మొదలుపెట్టి, అప్పులు చేసి, అందరిచేతా మాటలు పడి, 1999కి పూర్తిచేశారు. తల్లి పేరే యంత్రానికి పెట్టుకున్నారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. గంటలు పట్టే పని ఇప్పుడు గంటన్నరలో అవుతుంది. నేను ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో రాసిన కోడు ఏదైనా ఒక్కరి భుజం నొప్పి తగ్గించిందా అని ఆలోచించాను. నా కోడు వల్ల మెడనొప్పి వచ్చినవాళ్ళయితే ఉన్నారు, జూనియర్లను అడగండి.

ఇలా మాట్లాడుతుండగా పెద్దాయన టీ తెప్పించి, "చీరకే వచ్చిండ్రా, ఇంకేమన్న పనా?" అనడిగాడు. నేను కాస్త గొప్పగానే ప్లాటు సంగతి చెప్పాను.

"ఏ దిక్కు?"

చెప్పాను. చింతచెట్టు, బావి, పత్తిచేను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "గది దానం భూమి గద సార్. వినోబా వచ్చినంక జనం ఇచ్చిన దాంట్లది. మా నాయిన జెప్తుండె."

"మరి అమ్ముతున్నారు కదా?"

"అమ్మెటోడు అమ్ముతడు, కొనెటోడు కొంటడు. కాయితం ఎవలు చూస్తున్నరు? చదువుకున్న మీరే చూడకపోతిరి."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం జేబులో ఆ జిరాక్సు కాయితాలు బరువెక్కాయి.

*

ఈ ఊరి పూర్తి పేరు భూదాన్ పోచంపల్లి అని మనందరికీ తెలుసు. స్కూల్లో ఒక మార్కు ప్రశ్న. "భూదానోద్యమము ఎచ్చట ప్రారంభమైనది?" జవాబు రాసి మార్కు తెచ్చుకున్నాక మళ్ళీ ఆలోచించిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం అక్కణ్ణుంచి తిన్నగా వినోబా మందిరానికి వెళ్ళాం. వినోబా భావే బస చేసిన ఇల్లు. పెద్ద ఆర్భాటమేమీ లేదు. పాత ఫోటోలు, ఒక విగ్రహం, ఎక్కువమంది రాని చోట ఉండే నిశ్శబ్దం. చీరల షాపుల ముందు కార్లు పెట్టిన వాళ్ళలో పదోవంతు కూడా ఇక్కడికి రావడం లేదు. నేను కూడా ఆ పెద్దాయన మాట వినకపోతే వచ్చేవాణ్ణి కాదు.

1951 సంగతి. అప్పటికి అయిదేళ్ళుగా ఈ నేల మీద సాయుధ పోరాటం జరుగుతోంది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పటి నుంచి దొరల భూముల్ని సంఘాలు పంచడం, ముందు నిజాం పోలీసులు, రజాకార్లు, 1948 తర్వాత భారత సైన్యం వాళ్ళని వేటాడటం. పగలు ఒకరి రాజ్యం, రాత్రి ఇంకొకరి రాజ్యం. అలాంటి చోటికి యాభై అయిదేళ్ళ బక్కమనిషి కాలినడకన వచ్చాడు. హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వార్ధా దగ్గర్నుంచి నడిచే వచ్చాడు. అది అయ్యాక తిరిగి ఇంటికి పోకుండా, గొడవలున్న పల్లెల్లోకి నడిచాడు. వెంట పోలీసులు లేరు, చేతిలో పథకం లేదు.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. ఊళ్ళో దళితుల నలభై కుటుంబాలు ఆయన్ని కలిసి, మాకు ఎనభై ఎకరాలు కావాలన్నారు. నలభై తరి, నలభై మెట్ట. చూడండి, ఎంత స్పష్టమైన రిక్వైర్‌మెంటో! ఇంటికి రెండెకరాలు, అంతకు మించి లేదు. ప్రభుత్వాన్ని అడగటం కన్నా ముందు ఊరివాళ్ళనే అడుగుదామనుకుని వినోబా జనం మధ్య ఆ మాట బయటపెట్టాడు. వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి లేచి నిలబడి, నేను వంద ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగింది ఎనభై, ఇస్తానన్నది వంద. అది ఎవరూ ఊహించలేదు, అడిగిన వినోబాతో సహా. అక్కణ్ణుంచి తెలంగాణలో 51 రోజుల నడకలో 12 వేల ఎకరాలకు పైగా దానం వచ్చింది. ఆ తర్వాత పదమూడేళ్ళకు పైగా దేశమంతా నడిచాడు. మొత్తం 40 లక్షల ఎకరాలకు పైగా ప్రకటించారు. 1958లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది.

విప్లవం చల్లార్చడానికే ఇదంతా అని కమ్యూనిస్టులు విమర్శించారు. ఆ విమర్శలో పస లేదని నేననను. తుపాకీ చప్పుడు పక్కన లేకపోతే అంతమంది దొరలకు ఒక్కసారే దానబుద్ధి పుట్టేదా అన్నది న్యాయమైన ప్రశ్నే. పోరాటంలో పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ చెప్పుకుంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మరుసటి ఏడు ఎన్నికల్లో ఇదే ప్రాంతపు రావి నారాయణరెడ్డి గారు దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో, నెహ్రూ కంటే కూడా ఎక్కువగా, పార్లమెంటుకి వెళ్ళారు. ఆ అయిదారేళ్ళలో ఈ చుట్టుపక్కల ఊళ్ళు లోకమంతా ఒక దారిన పోతుంటే దానికి ఎదురు నడిచాయి. ఒకరు తుపాకీతో, ఒకరు కాలినడకన. అడిగింది మాత్రం ఒకటే: భూమి కొనేవాడిది కాదు, దున్నేవాడిది.

ఇలాంటి చోటు నేను ఇంతకుముందు ఒకటి చూశాను. 2006లో ఆన్‌సైట్లో ఉన్నప్పుడు ఒక శనివారం శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్-యాష్‌బరీ అనే పేటకి వెళ్ళాను. 1967లో హిప్పీలు వేలాదిగా వచ్చిపడిన వీధులవి. అప్పట్లో అక్కడ డిగ్గర్లు అని ఒక గుంపు ఉండేది. పార్కులో రోజూ ఉచితంగా భోజనం పెట్టేవాళ్ళు, ఉచిత దుకాణం నడిపేవాళ్ళు. అంటే సామాను ఉంటుంది, ధర ఉండదు. వాళ్ళు ఆ పేరు తెచ్చుకున్నది ఇంగ్లాండు నుంచి. 1649లో అక్కడ కొందరు పేదలు, భూమి అందరి ఉమ్మడి ఖజానా అంటూ ఊరి బంజరు తవ్వి పంట వేశారు. వాళ్ళు అసలు డిగ్గర్లు. దొరలు కొద్దికాలంలోనే తరిమేశారనుకోండి. నేను వెళ్ళేనాటికి ఆ ఉచిత దుకాణాల వీధిలో రంగు మరకల టీషర్టు ఒకటి పాతిక డాలర్లు. అద్దె ఇళ్ళ రేట్లు మన జీతాలకు కూడా అందవు. నేనూ ఒక టీషర్టు కొనుక్కుని, ఫోటో దిగి, వచ్చేశాను. "ఎలాంటి ఊరు ఎలా అయిపోయింది" అని ఆ రోజు తెగ నవ్వుకున్నాను.

పోచంపల్లి మందిరం మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది. అక్కడ టీషర్టు కొన్నాను. ఇక్కడ ఏకంగా దానమిచ్చిన భూమినే కొనబోయాను.

*

ఆ రాత్రి ఇంటికొచ్చాక చేయాల్సిన పని చేశాను, అంటే డబ్బు కట్టాక చదవాల్సిన కాయితం చదివాను. జిరాక్సులో ఉన్న సర్వే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత భూముల జాబితాలో వెతికితే అది అక్కడే ఉంది. మన కుర్రాళ్ళు 22ఏ అంటారే, అదే. మర్నాడు తెలిసిన లాయరుగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: 1965 నాటి భూదాన్, గ్రామదాన్ చట్టం ప్రకారం దానం వచ్చిన భూమి పేదలకు ఇస్తారు, వాళ్ళు దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా వెళుతుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. ఎవరో అమ్మారంటే, కొన్నవాడికి మిగిలేది నోటరీ కాయితమే.

ఇంటర్నెట్‌లో అయిదు నిమిషాలు. అంతే పట్టింది. ధరణి పోయి భూభారతి వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది, ఏదొచ్చినా చూడాలనుకుంటేనే కదా కనిపించేది.

అసలు ఇది ఎలా జరుగుతుందని కొన్నాళ్ళు కనపడినదల్లా చదివాను. దానం ప్రకటించడం ఒక నిమిషం పని. లేచి నిలబడి చెప్పేస్తే అయిపోయింది, జనం చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఏ సర్వే నంబరు, హద్దులేవి, అది నిజంగా ఇచ్చినవాడిదేనా, సాగుకి పనికొస్తుందా, ఎవరికి ఇవ్వాలి, పహాణీలో పేరు ఎప్పుడు మారుతుంది, ఇదంతా చప్పట్లు లేని పని. వినోబా నడుచుకుంటూ మరో ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఈ పని చేయాల్సినవాళ్ళు సరిపోలేదు. దేశంలో ప్రకటించిన దానంలో పెద్ద భాగం చాలా ఏళ్ళ దాకా పంపిణీయే కాలేదు. రాళ్ళూరప్పలు, తగాదాల భూములు బోలెడు. పంచినచోట కూడా కాయితాల్లో పేరు ఎక్కనివాళ్ళు ఎందరో. ఎకరం ధర వేలల్లో ఉన్నప్పుడు ఆ ఖాళీలు ఎవరికీ కనిపించలేదు. ఎకరం కోట్లు దాటాక అందరికీ కనిపిస్తున్నాయి.

మనకిది కొత్తా? రిలీజు రోజు కేకు కోస్తాం, ఫోటోలు దిగుతాం. ఆ కోడుని పదేళ్ళు ఎవరు చూసుకుంటారన్నది ఆ ఫోటోలో ఉండదు. చూసుకునేవాడు లేని సిస్టములోకి మొదట దూరేది ఎప్పుడూ దొంగే. భూదానం గొప్ప రిలీజు. మెయింటెనెన్సు టీము లేని రిలీజు.

దాని పక్కనే, అదే ఊళ్ళో, వెనక గల్లీలో జరిగింది చూడండి. చీరాల తేలియా రుమాళ్ళ విద్య గత శతాబ్దం మొదట్లో ఇటు పుట్టపాక, పోచంపల్లి వైపు వచ్చింది. దానికి సభ జరగలేదు, ఎవరూ లేచి నిలబడి ప్రకటించలేదు. మొదట నూలు, 1960ల తర్వాత పట్టు. దార్జిలింగ్ టీ, ఆరన్ముల అద్దాల వెంటనే, 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా సరే ప్రింట్లతో, నూలు ధరలతో, అప్పులతో ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఈ ప్రాంతం నుంచి మనం చదువుతూనే ఉన్నాం. అంత జరిగినా ఆ విద్య ఇంకా ఉంది. ఎందుకుంది? రోజూ ఒకరు కూర్చుని ఆసు పోశారు కాబట్టి. ఒక అవ్వ భుజం అరిగిపోయేదాకా పోసింది కాబట్టి. ఆ అరుగుదల చూసి ఒక కొడుకు ఏడేళ్ళు యంత్రం వెనక పడ్డాడు కాబట్టి.

ఇవ్వడానికి ఒక రోజు గొప్పమనసు చాలు. ఇచ్చింది నిలబడాలంటే మాత్రం ఆసు పోసినట్టు పోయాలి. నాకు పోచంపల్లిలో అర్థమైంది ఇంతే.

*

ఇంతకీ ప్లాటు ఏమైందంటారా? వద్దన్నాను. బ్రోకరు కుర్రాడు "టోకెన్ వాపసు రాదు సార్" అన్నాడు. పదిసార్లు ఫోన్ చేశాక సగం వచ్చింది. 25,000 పోయాయి. అది పెద్ద సంగతి కాదు.

పెద్ద సంగతి నా స్నేహితుడు. సర్వే నంబరు సంగతి చెబితే వాడు ఆశ్చర్యపోలేదు. వాడికి ముందే తెలుసు. "అక్కడ అందరివీ అలాంటివేరా. పదేళ్ళలో ఏ ప్రభుత్వమో రెగ్యులరైజు చేస్తుంది. నీకు వద్దంటే మానెయ్, ఆఫీసులో మాత్రం అనకు, రేటు పడిపోతుంది" అన్నాడు. మా టీములో ఇంకో ఇద్దరు పిల్లలు ఆ వారమే అడ్వాన్సు కట్టబోతున్నారు. ఒకమ్మాయి ఊళ్ళో తల్లి పేర ఉన్న బంగారం కుదువ పెట్టి మరీ. రెండు రోజులు తటపటాయించి ఇద్దరికీ చెప్పేశాను. వాళ్ళు మానుకున్నారు. నా స్నేహితుడు నాతో మాట్లాడటం మానేశాడు. పదిహేనేళ్ళుగా ఒకే బల్ల దగ్గర టీ తాగినవాళ్ళం. ఇప్పుడు వాడు వేరే ఫ్లోరుకి వెళ్ళి తాగుతున్నాడు.

వాడిది పూర్తిగా తప్పని కూడా అనలేకపోతున్నాను. వాడి డబ్బూ కష్టార్జితమే. పైగా నా సంగతి నాకు తెలుసు. ఆ కాయితాలు శుభ్రంగా ఉండి ఉంటే నేను ఆనందంగా కొనేవాణ్ణి. ఆ చింతచెట్టు కింద ఎవరు దున్నేవాళ్ళు, ఇప్పుడెక్కడున్నారు అని ఒక్కసారి కూడా అడిగేవాణ్ణి కాదు. నేను వెనక్కి తగ్గింది ధర్మం తెలిసి కాదు, భయం వేసి. ఆ తర్వాత ధర్మం తోడయింది. ఆ వరస మార్చి చెబితే నాకు బావుంటుంది గానీ అది నిజం కాదు.

ఎనభై ఎకరాలు అడిగిన ఆ నలభై ఇళ్ళ మనవలు మునిమనవలు ఎక్కడున్నారో నాకు తెలియదు. మన టవర్ల కింద బండ్లు పార్కు చేయించేవాళ్ళలో ఉన్నారేమో, మన పక్క క్యూబికిల్లోనే ఉన్నారేమో. వాళ్ళ తాత చేతికి ఒక చీటీ వచ్చి, అది ట్రంకు పెట్టెలో మడత నలగకుండా ఉండి ఉండొచ్చు. ఆ చీటీకి విలువ ఉండాలంటే మిగతావాళ్ళం చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. కొనకుండా ఉంటే చాలు. కొనేవాడు లేకపోతే అమ్మేవాడు ఉండడు.

మీరు కూడా ఈ ఆదివారం సైటు చూడ్డానికి వెళుతుంటే, డబ్బు పంపించకముందు ఆ అయిదు నిమిషాలు వెచ్చించండి. పోచంపల్లి వైపు వెళితే మెయిన్ రోడ్డు మీదే ఆగిపోకండి. వెనక గల్లీలోకి వెళ్ళండి, మందిరం మెట్ల మీద పది నిమిషాలు కూర్చోండి.

అన్నట్టు, ఆ 14,000 చీర కొన్నాం. బేరం ఆడలేదు. మా ఆవిడ దాన్ని ఇంటికి తెచ్చి మొదట చేసిన పని, తిరగేసి చూడటం. రెండువైపులా ఒకేలా ఉంది.